పార్సిల్ వద్దన్న అమ్మమ్మ

“రేపు పార్సిల్ తెస్తివా, నేను ముట్ట. ముందే చెప్తున్న,” అంది అమ్మమ్మ.

శనివారం సాయంత్రం. డ్యూటీ నుంచి వచ్చి భుజం మీది బ్యాగు కూడా ఇంకా దించలేదు నేను. ఆమె మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని నాకోసమే కాచుకుని ఉంది. మర్నాడు ఆమె పుట్టినరోజు. ఏటా ఆ రోజు మాకు చైనీస్ భోజనమే. ముందు స్వీట్ కార్న్ సూప్, తర్వాత మంచూరియా, చివరికి చికెన్ నూడుల్స్. ఆ వరుస ఆమె పెట్టిందే. ఈసారి ఆమెను బయటికి తీసుకెళ్ళడం కష్టం కాబట్టి ఇంటికే తెప్పిద్దామని అమ్మా నేనూ ముందురోజు వంటింట్లో అనుకున్నాం. మెల్లగానే అనుకున్నాం. అయినా ఆమె చెవిన పడింది.

“ఏడ తిన్నా అవే నూడుల్స్ గద అమ్మమ్మా,” అన్నాను.

“అదెట్లయితది? ఆడ కూసుంటే ఒకాయనొచ్చి ఏం గావాలమ్మా అని అడుగుతడు. తెచ్చి ముంగట పెడతడు. తిన్నంక గిన్నెలు ఆయననే తీస్కపోతడు. ఈడయితే ఆ గిన్నెలు తోముకుంట మీ అమ్మ నడుం నొప్పి అంటది. అది నాకు ఇనబడ్తది.”

అమ్మ వంటింట్లోంచి తల బయటికి పెట్టి, “ఆఖరికి నామీదికే ఒస్తది,” అని మళ్ళీ లోపలికి వెళ్ళింది.

నేను సరే అన్నాను. ఆ ఏడాది నేను ఏ మాటకైనా వెంటనే సరే అనడమో, లేదా బదులు చెప్పకుండా ఊరుకోవడమో చేసేదాన్ని. రెండింటికీ కారణం ఒకటే. వాదించే ఓపిక ఉండేది కాదు.

ఎల్బీనగర్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో రక్తం తీసే పని నాది. పొద్దున ఐదున్నరకే ఇల్లు వదలాలి. పరగడుపున వచ్చేవాళ్ళు ఆరింటికే వరుసలో కూర్చుని ఉంటారు. పిడికిలి బిగించండి, వదలండి, దూది నొక్కి పట్టుకోండి. రోజంతా ఈ మూడు మాటలు చెప్పి ఇంటికి వచ్చేసరికి నాలుగో మాట మాట్లాడాలంటే విసుగు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక వెనక గల్లీలో, కింది వాటాలో రెండు గదులు మావి. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ జాకెట్లు కుట్టి, చీరలకు ఫాల్స్ కుట్టి నన్ను చదివించింది. నా పెళ్ళి గురించి అడిగేవాళ్ళు అడిగి అడిగి అలసిపోయి మానేశారు. ముగ్గురు ఆడవాళ్ళం. అందులో ఒకరు ఏడు నెలలుగా మంచానికీ వాకర్‌కీ మధ్య ఉన్నారు.

ఏడు నెలల కిందట అమ్మమ్మ అబ్దుల్లాపూర్‌మెట్‌లో మా మేనమామ ఇంట్లో బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. అంతకుముందు రెండు నెలలు మా దగ్గర, రెండు నెలలు వాళ్ళ దగ్గర ఉండేది. ఆపరేషన్ రోజు దవాఖానా వరండాలో మా అమ్మ మామ భార్యతో, “ముసల్దాన్ని ఒక్కదాన్నే బాత్రూంకు పంపి నువ్వు పండుకున్నవా?” అంది. ఆమె నోరు తెరిచేలోపే జవాబు మామ చెప్పాడు. “ఇన్నేండ్లు చేసింది లెక్క లేదు, ఒక్కపాలి పడంగనే మేం పనికిరానోళ్ళమైనమా అక్కా?” అన్నాడు. అంతే. అమ్మమ్మను అటునుంచి అటే మా ఇంటికి తెచ్చుకున్నాం. అక్కాతమ్ముళ్ళకు మాటల్లేవు. మామ నా ఫోనుకు చేసేవాడు. నేను దాన్ని తీసుకెళ్ళి అమ్మమ్మ చెవి దగ్గర పెట్టేదాన్ని. అమ్మ ఆ కాసేపు కుట్టుమిషన్ తొక్కుతూనే ఉండేది, గుడ్డ లేకపోయినా.

అమ్మమ్మకు రాత్రి రెండుసార్లు లేవాలి. నేను లేపి, నడిపించి, మళ్ళీ పడుకోబెట్టి, కళ్ళు మూసేసరికి అలారం మోగేది. ఆమె మీద కోపం ఉండేది కాదు. ప్రేమ పొంగిపోయేదీ కాదు. ఒక పని తర్వాత ఇంకో పని, అంతే. ఒకసారి సెంటర్లో ఒకాయన చేతికి రబ్బరు పట్టీ కట్టి, సూది చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. “అమ్మా, నిద్రపోతున్నవా?” అని ఆయనే అడిగాడు.

అసలు నూడుల్స్ సంగతి చెప్పాలి. మా తాత పోయాక అమ్మమ్మ ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని నల్లగొండ వైపు పల్లె నుంచి ఇక్కడికి వచ్చింది. ఇళ్ళల్లో వంటలు చేసింది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు, వాటి వెంట హాస్టళ్ళు పుట్టుకొచ్చాక ఒక ఆడపిల్లల హాస్టల్లో కుదిరింది. ఇరవై ఏళ్ళు అక్కడే చేసింది. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పు, సాయంత్రం సాంబారు. పెద్ద పెద్ద గంజులు, మనిషంత గరిటెలు.

సాయంత్రమయ్యేసరికి ఆ పిల్లలు ఆమె వండిన అన్నం వదిలేసి మెల్లగా కిందికి జారుకునేవాళ్ళట. గల్లీ మొదట్లో ఒక నూడుల్స్ బండి ఉండేది. మిగిలిపోయిన అన్నం చూసి చూసి ఒకరోజు ఆమెకు ఒళ్ళు మండింది. కొంగు బిగించి బండివాడితో కొట్లాడటానికే దిగింది. “నా అన్నమంత పారబోస్తున్నరు, నీ అసుంటోని వల్ల,” అని అరిచింది. అతను ఏమీ అనకుండా మూకుడులో నూడుల్స్ తిప్పుతూనే ఉన్నాడు. ఆమె అరిచి అలసిపోయాక ఒక ప్లేటు నింపి, ముళ్ళచెంచా గుచ్చి చేతికిచ్చాడు. “ముందుగాల తిను పెద్దమ్మా, తిన్నంక తిట్టు,” అన్నాడు.

నిలబడే తినేసిందట. తిట్టడం మర్చిపోయిందట.

“గిదా సంగతి అనుకున్న,” అని చెప్పేది నవ్వుతూ. ఆ తర్వాత నెలకొకసారి జీతం రోజున అదే ఆమె భోగం. పదేళ్ళ వయసు నుంచీ ఇంకొకళ్ళకు వండి పెడుతూ వచ్చిన మనిషికి, తను చెయ్యి పెట్టకుండా వేడివేడిగా ఎదుటికి వచ్చిన తిండి అదొక్కటే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంట్లో నూడుల్స్ చేద్దాం, నేర్చుకో అని పాకెట్లు తెచ్చిచ్చాను. చేతితో కూడా తాకలేదు. “నేను ఒండుడు నేర్సుకుంటే ఇంక నాకు ఎవలు ఒండి పెడ్తరు బిడ్డా?” అంది.

పుట్టినరోజు కూడా ఆ హాస్టల్ పిల్లలు పెట్టిందే. ఆధార్‌లో ఉన్న తేదీ ఎవరో రాసిపడేసింది. ఆమెకు తెలిసిందల్లా, వాళ్ళమ్మ సీతాఫలాలు ఏరడానికి గుట్టకు పోయినప్పుడు నొప్పులు వచ్చాయని. పిల్లలు అవీ ఇవీ లెక్క వేసి, దసరా అయిపోయాక వచ్చే మొదటి ఆదివారం నీ పుట్టినరోజు పో అని తేల్చేశారట. ఆ ఏడు వాళ్ళే ఆమెను మొదటిసారి కుర్చీలూ బల్లలూ ఉన్న చైనీస్ హోటల్‌కు తీసుకెళ్ళారు. అప్పటినుంచీ మేమూ అదే పాటిస్తున్నాం. ఇప్పుడు వెళ్ళేది ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర, ఒక బట్టల దుకాణం పైన రెండో అంతస్తులో ఉన్న హోటల్‌కు. లిఫ్ట్ ఉంది. మామవాళ్ళకు అటు, మాకు ఇటు, ఇద్దరికీ మధ్యలో పడుతుంది.

శనివారం సాయంత్రమే గల్లీలోకి వెళ్ళి మామకు ఫోన్ చేశాను. “రేపు మధ్యాహ్నం హోటల్‌కు రా మామా. అత్తమ్మను గూడ తీస్కరా.”

“మీ అమ్మ ఒస్తదా?”

“పుట్టినరోజు మా అమ్మది కాదు గద మామా.”

ఫోనులో లారీల చప్పుడు వినబడుతోంది. ఆయన హార్డ్‌వేర్ దుకాణం విజయవాడ రోడ్డు మీదే. “ఒస్తం,” అన్నాడు.

మామవాళ్ళు వస్తున్నారని అమ్మకు మాత్రం ఆదివారం ఆటో ఎక్కాకే చెప్పాను. ఎక్కకముందు చెబితే ఎక్కదు. అమ్మమ్మ వంకాయరంగు చీర కట్టుకుని, తలకు నూనె రాయించుకుని, మా ఇద్దరి మధ్య కూర్చుని ఉంది. వాకర్ నా కాళ్ళకు గుచ్చుకుంటోంది.

“ఆమె గూడ ఒస్తదా?” అంది అమ్మ.

“ఒస్తది.”

అమ్మ మొహం బయటికి తిప్పుకుంది. ఎల్బీనగర్ దాకా మెట్రో స్తంభాలు చూస్తూ కూర్చుంది. అమ్మమ్మ మా మాటలు విననట్టే ఉంది. ఆమెకు వినబడనిది ఏదీ ఉండదని నాకు తెలుసు.

మేం వెళ్ళేసరికి మామ, అత్తమ్మ మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. మామ మొహం చూడగానే ఏదో తేడా ఉందని అర్థమైంది. లిఫ్ట్ తలుపుకు అడ్డంగా ఒక కుర్చీ వేసి ఉంది. హోటల్ మేనేజర్ కిందికి దిగి వచ్చి, “పొద్దున్నించీ రిపేరులో ఉందండి. మెకానిక్ వస్తానన్నాడండి, సాయంత్రానికి అయిపోద్దండి,” అన్నాడు. కోస్తా మనిషి, మర్యాదగా చెప్పాడు. నాకు మాత్రం ఆ మెట్ల మీదే కూలబడి ఏడవాలనిపించింది. ఒక్క ఆదివారం. ఆ ఒక్కటి కూడా సాఫీగా జరగదు.

లిఫ్ట్‌కు అడ్డం వేసిన కుర్చీనే జరిపి అమ్మమ్మను కూర్చోబెట్టాం.

“పార్సిల్ కట్టించుకోని ఇంటికి పోదం,” అంది అమ్మ, నాతో.

“కుర్సీల కూసుండవెట్టి నేను ఎత్తుకపోత,” అన్నాడు మామ. ఆయన కూడా నాతోనే అన్నాడు.

“ఎత్తుకపోయి మళ్ళ పడేస్తరా?”

ఈసారి అమ్మ నన్ను చూడలేదు. సూటిగా అత్తమ్మను చూసి అంది. అత్తమ్మ చేతిలో కేక్ డబ్బా ఉంది. దాన్ని ఇంకొంచెం దగ్గరికి పట్టుకుంది.

“అక్కా, నోరు మంచిగ రానియ్యి,” అన్నాడు మామ.

“నేనన్నదాంట్ల తప్పేముంది? ఏడు నెలల సంది రాత్రి పూట లేస్తుంది నా బిడ్డ. దాని మొకం జూసినవా ఒక్కసారన్న?”

“తీస్కపోత అంటే పంపినవా? అడిగిన గద!”

“ఎవరినడిగినవ్? నాతోటి మాట్లాడితే గద!”

బట్టల దుకాణంలోకి వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తున్నారు. మేనేజర్ మెల్లగా రెండు మెట్లు పైకి ఎక్కి నిలబడ్డాడు. నేను మధ్యలోకి వెళ్ళి ఆపాలి. ఎప్పుడూ చేసే పనే అది. ఈసారి వెళ్ళలేదు. అనుకోనీ, ఏమనుకుంటారో అనుకోనీ అని గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకున్నాను.

అప్పుడు అమ్మమ్మ గొంతు వినిపించింది. గట్టిగా ఏం కాదు.

“నన్ను ఎవ్వలు పడేయలే. నేనే పడ్డ.”

ఇద్దరూ ఆగారు.

“ఆ పొద్దు దీనికి జొరం,” అని అత్తమ్మ వైపు చెయ్యి చూపించింది. “రాత్రంత దగ్గింది. తెల్లారంగ జర కన్నంటుకుంది. ఒంటికొచ్చింది, దీన్ని లేపాలె అన్కున్న. లేపబుద్ధి గాలే. గోడ వట్టుకోని నేనే పోయిన. జారింది. గంతే.”

“మరి ఇన్ని దినాలు చెప్పకపోతివి?” అంది అమ్మ.

“ఎవలన్న అడిగిన్రా? ఒకలనొకలు తిట్టుకునుడే గాని, ఎట్ల పడ్డవే అని నన్ను ఒక్కలన్న అడిగిన్రా?”

ఎవరం అడగలేదు. ఎక్స్‌రేలు చూశాం, డాక్టర్లను అడిగాం, వాళ్ళు చెప్పింది విన్నాం. పడ్డ మనిషిని అడగలేదు. నేను కూడా. ఏడు నెలలు పక్కన పడుకున్నదాన్ని.

అత్తమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కేక్ డబ్బా నా చేతికిచ్చి, వంగి, కుర్చీ కోడు కింద చిక్కుకున్న అమ్మమ్మ చీర అంచును పైకి తీసి సర్దింది. అమ్మ అది చూస్తూ నిలబడింది. క్షమించమని అనలేదు. మా ఇంట్లో ఆ మాట ఎవరికీ రాదు. కాసేపటికి, “నువ్వు ఆ దిక్కు పట్టుకో, చీర కాళ్ళకు అడ్డమొస్తది,” అంది అత్తమ్మతో.

“నాకు ఆకలైతుంది,” అంది అమ్మమ్మ.

మామ కుర్చీని వెనక పట్టాడు. పైనుంచి వచ్చిన వెయిటర్ ఒకాయన, లావుపాటి మనిషి, ముందు పట్టాడు. అమ్మా అత్తమ్మా చెరోపక్క. నేను వాకర్, కేక్, మందుల సంచీ మోసుకుంటూ వెనక. మొదటి మలుపులో మామ ఆయాసపడి కుర్చీ దించాడు. ఆయన నుదుటి చెమటను అమ్మ తన కొంగుతో తుడిచి, “గుండెకు మాత్రలేసుకుంటున్నవా తమ్మీ?” అంది. ఆయన తల ఊపాడు. అమ్మమ్మ కుర్చీ చేతుల్ని పట్టుకుని, మేం ఏదో ఊరేగింపులో మోస్తున్నట్టు నిటారుగా కూర్చుంది.

పైన ఏసీ చల్లగా ఉంది. వెయిటర్ నీళ్ళు పోసి, మామను కాకుండా అమ్మమ్మను చూసి, “ఏం కావాలమ్మా?” అని అడిగాడు. ఆమె సూప్ నుంచి వరుసగా చెప్పింది. తొందరేమీ పడలేదు. మంచూరియా గట్టిగా వద్దు, పులుసుతో తెమ్మంది. నూడుల్స్‌లో ఉల్లికాడలు ఎక్కువ వేయమంది.

అతను వెళ్ళబోతుంటే ఆపి, “ఉప్పు బాగా తగ్గించండి. సోయా సాస్ వద్దు. బీపీ ఉంది,” అన్నాను. నాకు ఆమె రిపోర్టులన్నీ కంఠతా వచ్చు. ప్రతి నెలా ఆమె రక్తం నేనే తీస్తాను. ఉప్పు పెరిగితే కాళ్ళు ఎలా వాస్తాయో, ఆ వాపుకు రాత్రి ఎన్నిసార్లు లేవాలో కూడా నాకే తెలుసు.

అమ్మమ్మ బల్ల మీది ముళ్ళచెంచాను తిన్నగా పెట్టింది. మళ్ళీ పెట్టింది. ఇంట్లో పథ్యం కంచం ముందు పెట్టినప్పుడు ఉండే మొహం వచ్చేసింది ఆమెకు. వద్దు, కూడదు, కొంచెమే, చాలు. ఏడు నెలలుగా ఆమెతో నేను మాట్లాడింది ఇవే. వినేవాళ్ళ సంగతి సరే, అనేవాళ్ళకు కూడా అలుపు వస్తుంది.

లేచి వెళ్ళి వంటగది తలుపు దగ్గర వెయిటర్‌ను పట్టుకున్నాను. “మామూలుగానే చేయండి. అందరికీ చేసినట్టే.”

తిరిగి వచ్చి కూర్చుంటే అమ్మమ్మ నా మొహం చూసింది. నా మోకాలు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

సూప్ మొత్తం తాగింది. మంచూరియా మూడు ముక్కలు తింది. నూడుల్స్ వచ్చేసరికి కట్టుడు పళ్ళతో ఇబ్బంది పడుతుంటే అత్తమ్మ చెంచాతో చిన్నచిన్నగా తెంపి పెట్టింది. నాలుగు చెంచాల తర్వాత ఇక చాలంది. కేక్ కోసింది కానీ తినలేదు. “తీపి పిల్లలకు పెట్టున్రి,” అంది. మా ఐదుగురిలో పిల్లలెవరూ లేరు. మామ తిన్నాడు.

వెయిటర్ గిన్నెలు తీసుకుపోతుంటే చివరి గిన్నె దాకా చూసింది.

చేతులు కడుక్కుని వచ్చాక మామ, “ఒక నెల నా తాన ఉంచుకుంట అక్కా. దీన్ని జర పండుకోనియ్యి,” అని నన్ను చూపించాడు. అమ్మ మాత్రల పేర్లు, వేళలు, రాత్రి ఏ పక్కకు తిప్పి పడుకోబెట్టాలో అత్తమ్మకు చెప్పడం మొదలుపెట్టింది. అంటే సరేనన్నట్టు. అత్తమ్మ అవన్నీ ఫోన్లో రాసుకుంది. అమ్మమ్మను ఎవరూ అడగలేదని గుర్తొచ్చి నేనే అడిగాను.

“పోత,” అంది. “ఆడ ఎండ మంచిగొస్తది.”

మళ్ళీ కుర్చీలోనే దించాం. మామ కారు హైవే ఎక్కి అబ్దుల్లాపూర్‌మెట్ వైపు వెళ్ళిపోయింది. అమ్మా నేనూ మెట్రోలో వెనక్కి వచ్చాం. ఆదివారం కాబట్టి సీట్లు దొరికాయి. చైతన్యపురి వచ్చేసరికి అమ్మ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నేను పడిపోకుండా ఆమెను పట్టుకుని, దిల్‌సుఖ్‌నగర్ దాటిపోకుండా స్టేషన్లు చూస్తూ కూర్చున్నాను.

ఇంటికి వచ్చేసరికి ఇంకా నాలుగు కూడా కాలేదు. ఖాళీ మంచం చూసి అమ్మ, “దుప్పట్లు ఉతకాలె,” అంది. ఉతకలేదు. ఇద్దరం చాప మీద పడుకున్నాం. నేను కళ్ళు తెరిచేసరికి మర్నాటి అలారం మోగుతోంది.

మంగళవారం అత్తమ్మ ఫోన్ చేసింది. అమ్మమ్మ కాళ్ళు వాచాయట. తప్పు నాదే. డాక్టర్‌ను అడిగి మాత్ర పెంచాం. రెండు రోజులకు వాపు దిగింది. ఆ రెండు రోజుల్లో అమ్మ, అత్తమ్మ పదిసార్లు మాట్లాడుకున్నారు. ఉచ్చ ఎంత పోసింది, ఎన్ని నీళ్ళు తాగింది, అవే మాటలు. ఇప్పటికీ ఎక్కువ అవే మాట్లాడుకుంటారు. మిషన్ మాత్రం గుడ్డ లేకుండా తిరగడం లేదు.

నెల తిరిగాక మామ ఆమెను తీసుకువచ్చాడు. కారు గల్లీ మొదట్లో ఆగింది. అమ్మ గబగబా ఎదురు వెళ్ళింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. నిజం చెప్పాలంటే, సంతోషం కంటే ముందు నాకు ఇవాళ్టి నుంచి మళ్ళీ నిద్ర ఉండదన్న సంగతి గుర్తొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. వెళ్ళి కారు తలుపు తీసి, ఆమె చంకల కింద చేతులు పెట్టి లేపాను. అత్తమ్మ బాగానే చూసుకున్నట్టుంది. కొంచెం బరువెక్కింది.